రక్తం వచ్చిన దారి

నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్సులో గణేశ్వరరావు కంట్రోలరు. చింతపల్లి బస్సు ఎప్పుడండీ అని ఎవరైనా అడిగితే గడియారం వైపు చూడకుండానే జవాబు చెప్పేవాడు. పదకొండేళ్ళు కండక్టరుగా ఘాట్ రోడ్డులో తిరిగి, నడుం పట్టేశాక ఆ కుర్చీలోకి వచ్చాడు. ఏ బస్సు ఏ మలుపు దగ్గర ఎన్ని నిమిషాలు పోగొట్టుకుంటుందో, దాన్ని ఎక్కడ కలుపుకుంటుందో ఆయనకు కంఠతా వచ్చు. ఆయన భార్య వరహాలక్ష్మి బలిఘట్టంలో అంగన్‌వాడీ టీచరు. ఒక్కతే కూతురు, హైస్కూల్లో చదువుతున్న సీతాలు.

ఆ సంవత్సరం వానాకాలంలో వరహాలక్ష్మి కాళ్ళ మీద నల్లటి మచ్చలు కనిపించాయి. బీరువాకి తగిలి ఉంటుందిలే అనుకుంది. తర్వాత పళ్ళు తోముకుంటుంటే రక్తం ఆగేది కాదు. ఒకరోజు సెంటర్లో పిల్లలకు గుడ్లు పంచుతూ అక్కడే కూలబడిపోయింది. నర్సీపట్నంలో డాక్టరు రక్తపరీక్ష కాగితం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"రేపు ఎల్లుండి అనకండి. ఇప్పుడే విశాఖపట్నం తీసుకెళ్ళండి" అన్నాడు.

విశాఖలో తుంటి ఎముకలోంచి మూలుగ తీసి చూశారు. జబ్బుకి పొడుగాటి ఇంగ్లీషు పేరు ఉంది. గణేశ్వరరావుకు అర్థమైంది మాత్రం ఒక్కటే. ఎముకల్లో ఉండే మూలుగ రక్తం తయారుచేయడం మానేసింది.

అప్పట్నుంచి ఆమె బతుకు ఇతరుల రక్తం మీద నడిచింది. వారానికో సంచి, ఒక్కో వారం రెండు. డిపోలో డ్రైవర్లూ కండక్టర్లూ వంతులు వేసుకున్నారు. డ్యూటీ దిగి, యూనిఫాం కూడా మార్చుకోకుండా విశాఖ వెళ్ళి రక్తం ఇచ్చి, తెల్లారి మళ్ళీ స్టీరింగు పట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ఎవరికి దణ్ణం పెట్టబోయినా "ఊరుకోండి కంట్రోలరు గారూ" అనేవాళ్ళు.

అయితే అలా ఎంతోకాలం సాగదని పెద్ద డాక్టర్లు చెప్పారు. హైదరాబాదులో ఒక ఆసుపత్రికి పంపారు. అక్కడ తేల్చిన మాట ఇది. సరిపోయే మనిషి ఎవరైనా తమ మూలకణాలు ఇవ్వాలి. అవి వరహాలక్ష్మి ఎముకల్లోకి చేరి కొత్తగా రక్తం తయారుచేయాలి. తోబుట్టువులైతే సరిపోయే అవకాశం ఎక్కువ.

వరహాలక్ష్మికి ఒక్కడే తమ్ముడు, జగదీశ్వరరావు. యలమంచిలిలో ఎరువుల కొట్టు నడుపుతాడు. కొట్టు మూసేసి పరుగున వచ్చాడు.

"పరీక్షలెందుకు బావా? ఒక తల్లి కడుపున పుట్టినోళ్ళం. నాదీ అక్కదీ ఒకటే రక్తం కాదేటి?" అన్నాడు.

పరీక్షలో సగమే కలిసింది. ఆ కాగితం చేతిలో పెట్టుకుని అతను ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గణేశ్వరరావే పక్కన కూర్చుని సముదాయించాల్సి వచ్చింది.

ఇక మిగిలింది రిజిస్ట్రీ. ముక్కూ మొహం తెలియని ఎవరికైనా సరే, అవసరమైతే ఇస్తాం అని ముందుగా పేరు రాయించుకున్నవాళ్ళ జాబితా. అన్ని దేశాల జాబితాలూ కలిపి వెతుకుతారట. ఆ పని చూసే కోఆర్డినేటరు ఒక ముప్ఫై ఐదేళ్ళ మనిషి. మెడలో కార్డు మీద లక్ష్మి అని ఉంది. మొదటిరోజు ఫారం నింపుతూ ఊరు అడిగింది. నర్సీపట్నం అనగానే పెన్ను ఆపేసింది.

"మాది పాయకరావుపేటండి! ఇక్కడందరికీ లక్ష్మినే. అసలు పేరు అప్పలలక్ష్మి" అంది. అంతవరకూ పుస్తకంలోదిలా ఉన్న ఆమె మాట ఒక్కసారి మారిపోయింది. "భయపడకండన్నయ్యా. నాను సూసుకుంటాను గదా."

భారతదేశపు జాబితాల్లో ఎవరూ కలవలేదు. నవంబరు గడిచింది, డిసెంబరు గడిచింది. జనవరిలో ఒక మధ్యాహ్నం గణేశ్వరరావు కాంప్లెక్సులో తుని బస్సు అనౌన్సు చేస్తుండగా ఫోను మోగింది.

"అన్నయ్యా, దొరికారు. పదికి పది కలిసింది."

చేతిలోని మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. "ఎవరమ్మా? ఎక్కడ?" అని ఆయన అడిగిన మాట కాంప్లెక్సంతా వినిపించింది. ప్రయాణికులు తలెత్తి చూశారు.

"ఎవరో సెప్పకూడదు. రెండేళ్ళ దాకా పేరు తెలీనివ్వరు. ఆడమనిషి, ముప్ఫై ఒక్క ఏళ్ళు. విదేశంలో ఉంటాది. ఇస్తానని ఒప్పుకుంది."

ఆయన కుర్చీలో కూర్చుండిపోయాడు. విదేశంలో ఉండే మనిషి ఎముకల్లో ఉన్నది బలిఘట్టం అంగన్‌వాడీ టీచరుకు ఎలా సరిపోయిందో ఆయన ఊహకు అందలేదు. అయినా ఆ రోజంతా కనిపించినవాళ్ళందరికీ ఆ మాటే చెప్పాడు.

ఫిబ్రవరి మొదట్లో సీతాలును మావయ్య ఇంట్లో దింపి భార్యాభర్తలు హైదరాబాదు వెళ్ళారు. వరహాలక్ష్మిని అద్దాల గదిలో ఉంచారు. అక్కడ మందులు ఎక్కించి, పనిచేయని పాత మూలుగను పూర్తిగా తీసేశారు. అది అయిపోయాక డాక్టరు గణేశ్వరరావుతో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఇప్పుడు ఆమె ఒంట్లో సొంత రక్తం తయారయ్యే దారి ఏదీ లేదు. జలుబు చేసినా ప్రమాదమే. వచ్చే కణాలు రావాల్సిందే.

"అవి ఎలా వస్తాయండీ?" అని గణేశ్వరరావు అప్పలలక్ష్మిని అడిగాడు.

"మనిసే తెస్తాడు. చిన్న చల్లటి పెట్టె. సామాన్లలో వెయ్యరు, ఎక్స్‌రే మిషన్లో పెట్టనివ్వరు. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. తీసిన కాడ్నించి డెబ్బై రెండు గంటల్లోపు ఎక్కించాల. ఎంత బేగి అయితే అంత మంచిది."

"ఏ ఊరి నుంచి?"

"ఆమె ఊరు సెప్పకూడదన్నయ్యా."

"ఆమె ఊరు వద్దమ్మా. బండి ఎక్కడ బయలుదేరుతోందో తెలీకుండా నేను ఎలా ఎదురుచూసేది? పదిహేడేళ్ళ సర్వీసు నాది. విమానం పేరన్నా చెప్పు."

అప్పలలక్ష్మి తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "పెట్టె విమానం ఎక్కేది జోహన్నెస్‌బర్గులో. అంతే సెప్తాను. అక్కడ్నించి దోహా, దోహా నుంచి మన హైదరాబాదు."

గణేశ్వరరావు ఫోనులో వెతికాడు. జోహన్నెస్‌బర్గు నుంచి హైదరాబాదుకు పక్షి ఎగిరినట్టు తిన్నగా లెక్కేస్తే ఏడువేల రెండువందల యాభై కిలోమీటర్లు. కాని తిన్నగా వచ్చే విమానం లేదు. దోహాకు ఆరువేల రెండువందల పైచిలుకు, ఎనిమిదిన్నర గంటలు. అక్కడ రెండు గంటల ఆగుడు. దోహా నుంచి రెండువేల తొమ్మిదివందలు, నాలుగు గంటలు. మొత్తం పద్నాలుగున్నర గంటలు. ఆ దేశం గడియారం మనకన్నా మూడున్నర గంటలు వెనక. ఇవన్నీ మందుల చీటీ వెనక నిలువుగా రాసుకున్నాడు. రాసుకున్నాక కాస్త ధైర్యం వచ్చింది. పద్నాలుగున్నర గంటలంటే తనకు తెలిసిన కొలతే. ఆయన డిపో బస్సుల్లో దూరం వెళ్ళేవి ఇంచుమించు అంతసేపు రోడ్డు మీద ఉండేవి.

అద్దాల గదిలోకి వెళ్ళే వీలు లేదు. ఇంటర్‌కంలో మాట్లాడాలి. చీటీ అద్దానికి ఆనించి చూపించాడు.

"మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకి దిగుద్ది" అన్నాడు.

జుట్టంతా ఊడిపోయిన వరహాలక్ష్మి దిండుకు ఆనుకుని చూసింది. "ఏటండీ, నా ప్రాణానికీ టైం టేబులు రాసేసినారా?" అంది. నవ్వింది కూడా. నోరంతా పుండ్లు, నవ్వితే మండుతుందని తెలిసీ నవ్వింది.

మంగళవారం పొద్దున్న ఏడింటికి ఆయన ఆసుపత్రి క్యాంటీనులో కూర్చుని ఫోను తెరిచాడు. విమానాలు ఎక్కడున్నాయో చూపించే యాప్‌ను జగదీశ్వరరావు పెట్టి ఇచ్చాడు. పచ్చటి చిన్న విమానం బొమ్మ అప్పటికి ఆఫ్రికా దాటి అరేబియా మీదికి వచ్చేసింది. సరిగ్గా టైం ప్రకారం నడుస్తోంది. ఇడ్లీ తెప్పించుకున్నాడు.

ఎనిమిదింపావుకు బొమ్మ దోహా దగ్గరికి వచ్చి, దిగకుండా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఒక చుట్టు, రెండు, నాలుగు. ఇడ్లీ మీద పచ్చడి ఆరిపోయింది. కాసేపటికి బొమ్మ చుట్లు మానేసి ముక్కు తూర్పుకు తిప్పి వేరే దారి పట్టింది.

ఆయన మెట్లెక్కి అప్పలలక్ష్మి గదికి చేరేసరికి ఆమె కూడా ఫోనులోనే ఉంది.

"దోహాలో పొగమంచట అన్నయ్యా. ఏటీ కనపడటం లేదట. మస్కట్‌కి మళ్ళించేసినారు."

పొగమంచు సంగతి ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. చలికాలంలో లంబసింగి దగ్గర లైట్లు వేసుకుని, కండక్టరు ముందు నడుస్తూ దారి చూపిస్తే బస్సు వెనక పాకిన రోజులున్నాయి. మంచు ఎప్పుడు విడుస్తుందో దానికే తెలియాలి.

"మస్కట్‌లో దిగి ఏం చేస్తారు?"

"ఆయిల్ పోసుకుని, మంచు ఇడిసాక మళ్ళీ దోహా ఎల్తారు. ఈలోగా అక్కడ్నించి మన విమానం ఎల్లిపోద్ది. తర్వాతది రేపు." ఆమె కాగితం మీద గంటలు లెక్కేసింది. "గడువు ఉంది. రేపైనా గడువులోనే ఉంటాం. కాకపోతే ఆలస్యం అయ్యేకొద్దీ కణాలు తగ్గిపోతా ఉంటాయి. డాక్టరు గారు ఇవాళే కావాలంటున్నారు."

గణేశ్వరరావు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. కాంప్లెక్సులో ఇలాంటి సమస్య వారానికొకటి వస్తుంది. విశాఖ వెళ్ళాల్సిన పేషెంటు ఉన్న బస్సు తాళ్ళపాలెం దగ్గర ఆగిపోతుంది. అప్పుడు ఆ బస్సు బాగయ్యేదాకా కూర్చోమని ఎవరూ చెప్పరు.

"అమ్మా, ఒక మాట. పెట్టె తెచ్చే ఆయన మళ్ళీ దోహా ఎందుకు వెళ్ళాల? మస్కట్‌లోనే దించేయమనండి. మస్కట్ నుంచి హైదరాబాదు బండి ఉండదా?"

అప్పలలక్ష్మి ఆయన మొహంలోకి చూసింది. తర్వాత కంప్యూటరు వైపు తిరిగింది. "ఉందన్నయ్యా. మన టైము ఒంటిగంటకి. మూడు గంటల ప్రయాణం." అప్పటికే వేరే ఫోను చేతిలోకి తీసుకుంది. "కాకపోతే అలా మళ్ళించిన విమానంలోంచి ఎవర్నీ దిగనివ్వరు. వీసా, సెక్యూరిటీ, సీటు..."

"ఆయన చేతిలో సామాను ఒక్క పెట్టే కదా. అడగండి."

ఆమె అడిగింది. కొరియరు సంస్థ వాళ్ళను, విమానం కంపెనీ వాళ్ళను, మస్కట్‌లో ఎవరో అధికారిని. ఇంగ్లీషులో, హిందీలో, మధ్యలో ఒకసారి తెలుగులో తిట్టింది కూడా. గణేశ్వరరావు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. పన్నెండు దాటింది. పన్నెండూ పది. పన్నెండూ ఇరవైకి ఆమె ఫోను కింద పెట్టి రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"దింపినారన్నయ్యా" అంది చేతుల లోపలినుంచి. "పైలట్ గారే వచ్చి తలుపు తీయించినారట. కొత్త విమానం ఎక్కేసినాడు."

నాలుగు గంటల పది నిమిషాలకు విమానం శంషాబాదులో దిగింది. ఐదున్నరకు ఆసుపత్రి ల్యాబ్ ముందు లిఫ్టు తెరుచుకుంది. అరవై దాటిన ఒక తెల్లాయన బయటికి వచ్చాడు. నలిగిన చొక్కా, మాసిన గడ్డం. నీలంరంగు పెట్టెను రెండు చేతులతో పొత్తికడుపుకు ఆనించి పట్టుకున్నాడు. ల్యాబ్ వాళ్ళు సంతకాలు పెట్టించుకుని పెట్టె తీసుకున్నాక కూడా ఆయన చేతులు కాసేపు అలాగే వంగి ఉండిపోయాయి.

గణేశ్వరరావు ఎదురుగా వెళ్ళి నమస్కారం పెట్టాడు. అప్పలలక్ష్మి మధ్యలో నిలబడింది.

"మస్కట్‌లో దించమన్నది మీరేనని సెప్పాను" అంది. "నవ్వుతున్నాడు. మా ఫోను మోగేసరికి ఆయన కూడా అదే అడుగుతున్నాడట. దింపండి, దింపండి అని."

"మంచి పని చేశారు. ఏమన్నా తిన్నారా అని అడగమ్మా."

పొద్దుటినుంచి ఏమీ తినలేదట. పెట్టె వదిలి బాత్రూముకు కూడా వెళ్ళలేదట. ఉద్యోగం కాదు, రిటైరయ్యాక ఊరికే చేస్తున్నాడట. గణేశ్వరరావు సంచిలో ఊరినుంచి తెచ్చుకున్న జీడిపప్పు పొట్లం ఉంది. దోసిట్లో పోశాడు. ఆయన అక్కడే నిలబడి ఒక్కొక్కటే నోట్లో వేసుకుని, అన్నీ తిన్నాడు. తర్వాత గణేశ్వరరావు భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆయన పేరు అడగడం మర్చిపోయానని గణేశ్వరరావుకు లిఫ్టు మూసుకున్నాక గుర్తొచ్చింది. ఆ సంగతి ఆయన ఇప్పటికీ చెప్పుకుని బాధపడతాడు.

ఏడింటికి సంచి తగిలించారు. ఎర్రటి చిన్న సంచి, మామూలు రక్తం సంచిలాగే ఉంది. గంటలో అయిపోయింది. అద్దం ఇవతల నిలబడి చూసినవాడికి, ఇంత గొడవా ఇంత చిన్నదాని కోసమా అనిపించింది.

పదిహేడో రోజున కొత్త తెల్లకణాలు కనిపించాయి. నర్సు లెక్క చెప్పగానే వరహాలక్ష్మి ఇంటర్‌కం అందుకుంది. "ఏవండీ, ఆ అమ్మాయి నాకాడ కాపరం పెట్టీసింది" అంది.

ఆ తర్వాత అంతా సాఫీగా సాగలేదు. ఒళ్ళంతా దద్దుర్లు, జ్వరాలు, రెండుసార్లు మళ్ళీ ఆసుపత్రి. అయినా సంవత్సరం తిరిగేసరికి ఆమె అంగన్‌వాడీకి వెళ్ళింది. పిల్లలు కొత్త టీచరనుకున్నారు. జుట్టు ఉంగరాలు తిరిగి వచ్చింది, ఇంతకుముందు అలా ఉండేది కాదు. రక్తం గ్రూపు కూడా మారిపోయింది. "నా ఒంట్లో తిరిగేది ఆమె రక్తమే" అని ఆమె అందరికీ గొప్పగా చెప్పుకునేది.

పేరు లేకుండా ఉత్తరం రాయొచ్చని అప్పలలక్ష్మి చెప్పింది. వరహాలక్ష్మి తెలుగులో రాసింది, సీతాలు ఇంగ్లీషులో పెట్టింది. "అమ్మా, నువ్వు ఎవరో తెలీదు. నేను ఇవాళ యాభై మంది పిల్లలకు అన్నం పెట్టి వచ్చాను. నీకు చెప్పాలనిపించింది" అని ఉంది అందులో. నాలుగు నెలలకు జవాబు వచ్చింది. నాలుగే వాక్యాలు. మీరు నిలబడి అన్నం వడ్డిస్తున్నట్టు రోజూ ఊహించుకుంటున్నాను అని చివరి వాక్యం.

రెండేళ్ళు నిండాక ఇద్దరూ ఒప్పుకుంటూ కాగితాలు పంపారు. పేరు వచ్చింది. షారన్ అప్పలసామి. ఊరు డర్బన్, దక్షిణాఫ్రికా.

"అప్పలసామా?" అన్నాడు గణేశ్వరరావు. కాగితం సీతాలు చేతిలోంచి లాక్కుని తనే చదివాడు. "ఇది మన పేరు గదే!"

ఒక ఆదివారం సాయంత్రం వీడియోలో మాట్లాడుకున్నారు. తెరమీద కనిపించిన మనిషిని చూడగానే ముగ్గురూ ముందుకు వంగారు. చామనచాయ, పెద్ద కళ్ళు, వరహాలక్ష్మి చిన్నాన్న కూతురిలా ఉంది. బడిలో లెక్కల టీచరట. ఇంగ్లీషు తప్ప వేరే రాదు. సీతాలు ఇటూ అటూ చెబుతూ వచ్చింది. షారన్ పెదతండ్రి కూతురు ఒకామె ఇలాంటి జబ్బుతోనే, సరిపోయేవాళ్ళు దొరక్క చనిపోయిందట. ఆ దుఃఖంలో ఇంటిల్లిపాదీ రిజిస్ట్రీలో పేర్లు రాయించుకున్నారట. ఐదేళ్ళకు ఫోను వచ్చిందట. ఐదు రోజులు ఇంజెక్షన్లు, ఒళ్ళంతా నొప్పులు, ఆ తర్వాత రెండు చేతులకూ సూదులతో ఐదు గంటలు కదలకుండా పడుకుందట.

గణేశ్వరరావు పొయ్యిమీద పాలు పెట్టి వచ్చాడు. మాటల మధ్యలో వంటింట్లోంచి వాసన వచ్చేసరికి వరహాలక్ష్మి ఆయనవైపు తిరిగి గట్టిగా అరిచింది.

"ఏవండీ, పాలు పొంగిపోతున్నాయి! బేగెళ్ళండి, బేగి!"

తెరమీద షారన్ చెయ్యి నోటికి వెళ్ళింది. సీతాలును ఏదో అడిగింది.

"అమ్మా, నువ్వు ఇప్పుడేమన్నావో మళ్ళీ అనమంటోంది."

"ఏటి? బేగి అన్నాను. తొరగా ఎల్లమని."

షారన్ కళ్ళు నిండాయి. వాళ్ళ నాయనమ్మ ఆ మాటే అనేదట. బడికి పంపేటప్పుడు బేగి బేగి అని తరిమేదట. షారన్ పెద్దయ్యాక అక్కడ తెలుగు తరగతికి వెళితే, పుస్తకంలో ఆ మాట లేదు. మాస్టారికీ తెలియదు. నాయనమ్మ సొంతంగా కల్పించిన మాటేమో అనుకున్నారట. ఆమె లేచి లోపలికి వెళ్ళి ఒక కాగితం తెచ్చి కెమెరా ముందు పెట్టింది. నూట ముప్ఫై ఏళ్ళ కిందట చెరకు తోటల్లో పనికి వాళ్ళ ముత్తాత తండ్రి మద్రాసులో ఓడ ఎక్కాడు. ఆ ఓడ కాగితానికి నకలు అది. పేరు అప్పలసామి. జిల్లా విజగపటం, అంటే విశాఖపట్నమే. తాలూకా గోల్గొండ. ఊరి పేరు దగ్గర సిరా పాకిపోయి ఏమీ తెలియడం లేదు.

"వాళ్ళ నాన్న ఒకసారి హైదరాబాదు వచ్చి గోల్కొండ కోట చూసి, మన పెద్దలు ఇక్కడివాళ్ళే అని ఫోటో దిగి వెళ్ళారట" అంది సీతాలు.

గణేశ్వరరావు పాలగిన్నె దించి, గుడ్డ చేతిలో ఉండగానే పరుగెత్తుకొచ్చాడు. "కోట కాదమ్మా, కోట కాదు! గొలుగొండ! మా గొలుగొండ! అప్పట్లో ఈ చుట్టుపక్కలంతా గొలుగొండ తాలూకానే. చెప్పవే సీతాలూ! ఇక్కణ్ణుంచి అరగంట. రోజూ బస్సు పంపుతాను నేను!"

సీతాలు చెప్పింది. షారన్ ఓడ కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకుని ఆ మాట మీద వేలు పెట్టింది. తర్వాత థాంక్యూ అంది. వరహాలక్ష్మి చప్పున ఫోను దగ్గరికి జరిగింది. "ఓలమ్మా, ఆమె నాకు సెప్పడమేటి!" అని కళ్ళొత్తుకుంది.

ఆ డిసెంబరులో బడి సెలవులకు షారన్ వచ్చింది. డర్బన్ నుంచి జోహన్నెస్‌బర్గు, అక్కణ్ణుంచి దోహా, హైదరాబాదు, విశాఖపట్నం. గణేశ్వరరావు ఈసారి ఏ చీటీ రాసుకోలేదు. ముందురోజే సెలవు పెట్టి, ముగ్గురూ మూడు గంటల ముందే ఎయిర్‌పోర్టులో ఉన్నారు.

వరహాలక్ష్మి నెలరోజులుగా సీతాలు దగ్గర రెండు ఇంగ్లీషు వాక్యాలు వల్లెవేసింది. షారన్ ట్రాలీ తోసుకుంటూ బయటికి వచ్చి ఎదురుగా నిలబడేసరికి రెండూ ఎగిరిపోయాయి. ఆమె చెయ్యి పట్టుకుంది. మోచేతి మడత దగ్గర, సూది గుచ్చే చోట, బొటనవేలితో మెల్లగా రాసింది.

"నొప్పెట్టిందా అమ్మా?" అంది.

సీతాలు చెప్పక్కర్లేకపోయింది. షారన్ తల అడ్డంగా ఊపి, ఆమెను దగ్గరికి తీసుకుంది. పక్కన టాక్సీవాళ్ళు అక్కాచెల్లెళ్ళనుకున్నారు.

డిపోలో రక్తం ఇచ్చినవాళ్ళందరూ ఆమెను చూడటానికి వచ్చారు. జగదీశ్వరరావు యలమంచిలినుంచి చీర తెచ్చి, "నాను ఇయ్యలేనిది నువ్విచ్చినావు, సెల్లీ" అన్నాడు. అప్పలలక్ష్మి హైదరాబాదు నుంచి ఫోను చేసి అరగంట మాట్లాడి, సగంసేపు ఏడ్చింది.

మూడోరోజున గొలుగొండ వెళ్ళారు. షారన్ బస్సులోనే వెళ్తానంది. అక్కడ దిగాక ఎవరిని అడగాలో ఎవరికీ తెలియదు. పంచాయతీ ఆఫీసులో అంత పాత కాగితాలు లేవన్నారు. అప్పలసామి అనే పేరు చెబితే నవ్వి, వీధికి నలుగురు ఉన్నారన్నారు. రెండు గంటలు తిరిగారు. ఏ ఇల్లు, ఏ కులం, ఏ ఊరు, ఏదీ తేలలేదు. షారన్ మాత్రం ఏమీ పోగొట్టుకున్నదానిలా లేదు. గడ్డివాములు, చెరకు బళ్ళు, దూరంగా నీలంగా కనిపించే కొండలు, అన్నిటినీ ఆగి ఆగి చూస్తోంది.

ఎండ ముదిరాక ఒక అరుగు మీద కూర్చున్నారు. ఆ ఇంటి ముసలమ్మ జోగులమ్మ చాటలో బియ్యం ఏరుతూ కొత్తమనిషిని ఎగాదిగా చూసింది.

"ఏ ఇంటోళ్ళమ్మా? ఎవుల బిడ్డవి?"

సీతాలు మొత్తం కథ చెప్పింది. ఓడ, చెరకు తోటలు, రక్తం, విమానం, కాగితం మీద పాకిన సిరా. జోగులమ్మ అంతా విని, చాట పక్కన పెట్టి లేచింది.

"ఇల్లు దొరక్కపోతే ఏటయింది? ఇదే ఇల్లు. అన్నం ఏళయింది. కాళ్ళు కడుక్కుని రమ్మను."

లోపల చాప వేసింది. వేడన్నం, ఆనపకాయ పులుసు, వేయించిన చేపలు. షారన్ చేత్తో కలుపుకుంది. వరహాలక్ష్మి పక్కనే కూర్చుని ముళ్ళు తీసి పెడుతోంది. సగం తిన్నాక షారన్ తలెత్తి, తరగతిలో నేర్చుకున్న మాట గుర్తు చేసుకుని, ఒక్కో అక్షరం పలికింది.

"ధ...న్య...వా...దా...లు."

జోగులమ్మకు అర్థం కాలేదు. "ఏటంటంది?" అని వరహాలక్ష్మిని అడిగింది.

"తిండి పెట్టినావని సంతోషపడతంది, అమ్మమ్మా."

"దానికేటి!" అంది జోగులమ్మ. గరిటెతో ఇంకాస్త అన్నం తీసి షారన్ కంచంలో వేసి, పులుసు గిన్నె దగ్గరికి జరిపింది.